బోర్డమ్మ దగ్గర ‘దు’ లేదు

బోర్డమ్మ ఏ బోర్డు రాసినా మధ్యలోంచి మొదలుపెడుతుంది. అదేం పద్ధతమ్మా అని అందరూ అడిగేవాళ్ళే. ఎడమ పక్క నుంచి దర్జాగా రాసుకుంటూ పోయి, చివర్లో చోటు చాలక ఆఖరి అక్షరాన్ని అంచున ఇరికించిన బోర్డులు మీరూ చూసే ఉంటారు. అలాంటిది కనపడితే ఆవిడకి ఒళ్ళు మండిపోతుంది. మాటలో అక్షరాలు ఎన్నో చూసుకుంటుంది. నట్టనడుమ పడేదాన్ని రేకు నట్టనడుమ సుద్దముక్కతో గీసుకుని, ముందు దానికే రంగు వేసేస్తుంది. తర్వాత అటొకటీ ఇటొకటీ పేర్చుకుంటూ అంచులదాకా పోతుంది. ఈ పని వాళ్ళ నాన్న నేర్పాడు. ‘ముందు నడుము నిలబెట్టవే, తలా కాళ్ళూ వాటంతట అవే కుదురుకుంటాయి’ అనేవాడాయన.

ఆవిడకి అసలు పేరొకటి ఉండేది. కరెంటు బిల్లు మీద ఇప్పటికీ ఉంది. కానీ కాలనీలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ బోర్డమ్మే. కాలనీ మొదట్లో బస్సు వెనక్కి తిరిగే మలుపులో రేకుల షెడ్డు ఆవిడ దుకాణం. లోపల గోడకి ఆనించిన రేకులు, డబ్బాల్లో నిలబెట్టిన కుంచెలు, ఒక స్టూలు, ఎప్పటికీ పోని టర్పెంటైన్ వాసన. బస్సు దిగినవాళ్ళకి ముందు ఆ వాసన తగిలేది, తర్వాతే కాలనీ.

ఆ కాలనీ వయసెంతో తెలుసుకోవాలంటే జనాభా లెక్కలవాళ్ళు ఇల్లిల్లూ తిరగక్కర్లేదు. బోర్డమ్మ రాసిన బోర్డుల్ని వరసగా చూస్తే చాలు. ఊరికి దూరంగా చవగ్గా వస్తున్నాయని కొత్తగా పెళ్ళయినవాళ్ళంతా స్థలాలు కొనుక్కుని ఇళ్ళు కట్టుకునే రోజుల్లో ‘ఇటుకలు సరఫరా చేయబడును’ అని రాసింది. తర్వాత ‘చిన్నపిల్లల బట్టలు కుట్టబడును’. ఆ తర్వాత ‘సైకిళ్ళు అద్దెకు ఇవ్వబడును’, ‘ట్యూషన్లు చెప్పబడును’. అబ్బో, ఆ రోజుల్లో ఏ వీధిలో చూసినా పిల్లలే! బంతి తగలని కిటికీ లేదు. కాలనీ నడిమధ్య ఉన్న బడిలో గదులు చాలక రెండు తరగతులు వరండాలో కూర్చునేవి. ఇప్పుడో? ‘ఇంటికి వచ్చి బీపీ, షుగరు చూడబడును’. ‘పళ్ళసెట్లు కట్టబడును’. ‘మోకాళ్ళకు మర్దన చేయబడును’.

పిల్లలు పెరిగి పెద్దయి, పని ఎక్కడ దొరికితే అక్కడ సర్దుకున్నారు. అందులో తప్పేమీ లేదు, పిల్లలన్నాక పెరగరూ? వాళ్ళ చోట్లోకి కొత్త పిల్లలు రాకపోవడమే వచ్చిన చిక్కు. కింది వాటాలో ఇద్దరు ముసలివాళ్ళు, పై వాటాకి తాళం. ఏ ఇల్లు చూసినా ఇదే వరస. అద్దెకివ్వాలని అందరికీ ఉంటుంది, కానీ చప్పుడు పనికిరాదు. ఎవరో ఒకాయన ‘పై వాటా అద్దెకు ఇవ్వబడును’ అని రాయించి, కింద ‘పిల్లలు లేనివారికి మాత్రమే’ అని చేర్పించాడు. ఆయన్ని చూసి పక్కింటాయన, పక్కింటాయన్ని చూసి ఎదురింటావిడ. బోర్డమ్మకి పని దొరికింది, రాసిపడేసింది. బోర్డులో ఏముందో పట్టించుకునే అలవాటు ఆవిడకి లేదు. అక్షరం వంకరపోకుండా ఉందా లేదా అన్నదే ఆవిడ గోల.

బోర్డమ్మ ఇంట్లో ఉండేది తల్లీ కూతుళ్ళిద్దరే. కూతురు ఆ కాలనీ బళ్ళోనే హెడ్మాస్టరమ్మ. వేసవి సెలవుల్లో ఒక పొద్దున ఆ కూతురు షెడ్డుకొచ్చి, స్టూలు మీద కూర్చుని, నోరు విప్పకుండా రంగు డబ్బాల వంక చూస్తూ ఉండిపోయింది.

"ఏమే, నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా?" అంది బోర్డమ్మ.

"పై ఆఫీసు నుంచి కబురొచ్చిందమ్మా. మన బళ్ళో పదకొండుమందే మిగిలారు కదా. సెలవులయ్యాక బడి తెరిచే రోజుకి ముప్పై మంది కాకపోతే మూసేస్తారట. ఉన్న పిల్లల్ని రింగురోడ్డు అవతలి బళ్ళో కలిపేస్తారు."

"మరి నిన్నూ?"

"ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేస్తారు."

కాలనీ రాకముందు నుంచీ ఉన్న బడి అది. ఆ బళ్ళోనే బోర్డమ్మ అక్షరాలు దిద్దుకుంది. గేటు మీద బడి పేరు నాన్న రాస్తుంటే కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది. ఆ బళ్ళోనే చదివిన కూతురు, ఆ బడికే పెద్ద పంతులమ్మ అయిన రోజున కాలనీ అంతా తిరిగి చెప్పొచ్చింది.

"ఇంకోటమ్మా," అంది కూతురు, తల ఎత్తకుండా. "ఆ రోజు గేటుకి తగిలించడానికి బోర్డు తయారుగా పెట్టుకోమన్నారు. ఒక్కటే మాట. ‘మూయబడినది’ అని."

"నన్నా రాయమంటున్నావు?"

"బోర్డమ్మ కూతురు వేరేవాళ్ళ దగ్గర రాయించుకొస్తే నలుగురూ నవ్వరూ?" అని నవ్వబోయింది కూతురు. నవ్వు రాలేదు, ఏడుపే వచ్చింది.

కూతురు వెళ్ళాక బోర్డమ్మ తెల్లరంగు వేసి ఆరబెట్టిన రేకొకటి తీసింది. మూయబడినది. ఆరక్షరాలు. నడుమ పడేవి రెండు. అలవాటు ప్రకారం ఆ రెండూ సుద్దతో గీసుకుని నీలంరంగు వేసింది, బాగా కుదిరాయి కూడా. ఇక ఎడమ పక్కన ‘య’ వెయ్యాలి. చేయి లేవలేదు. కుంచె కడిగేసి, రేకుని గోడవైపు తిప్పి పెట్టేసింది.

మర్నాడే లెక్కల మాస్టారు వచ్చాడు. ఈయన ఎక్కడో కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయిన పెద్దమనిషి. ముక్కు మీద కోపం, చేతిలో కర్ర. అప్పుడే కంటికి ఆపరేషన్ చేయించుకుని నల్ల కళ్ళద్దాలు పెట్టుకు తిరుగుతున్నాడు.

"రాసుకో అమ్మాయ్," అన్నాడు. "‘పై వాటా పిల్లలున్నవారికి ఇవ్వబడదు.’ కింద ‘ఇట్లు, లెక్కల మాస్టారు’ అని. స్పష్టంగా ఉండాలి. మధ్యాహ్నం పూట చీమ చిటుక్కుమన్నా నాకు నిద్ర పట్టదు."

"అలాగే మాస్టారూ," అంది బోర్డమ్మ. అంది గానీ ఆవిడ మనసు గోడవైపు తిప్పి పెట్టిన రేకు దగ్గరే ఉంది. బతుకంతా ‘చేయబడును, చెప్పబడును, ఇవ్వబడును’ అని రాసిన చెయ్యి అది. ‘బ’ దాటగానే ఎటు పోవాలో దానికే తెలుసు, ఒకళ్ళు చెప్పక్కర్లేదు. పోయింది.

బోర్డు తయారయింది. మాస్టారు దాన్ని నల్లద్దాల ముందు పెట్టుకుని, "ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు" అని మెచ్చుకున్నాడు. ఆయనకి ముత్యాలూ కనపడలేదు, అక్షరాలూ కనపడలేదు. వడ్రంగిని పిలిచి గేటుకి మేకులు కొట్టించేశాడు.

సాయంత్రానికి ఒక జంట వచ్చింది, చంకలో ఒకడు, చేతికి ఒకత్తె.

"బోర్డు చదవలేదా?" అని గద్దించాడు మాస్టారు.

"చదివే వచ్చామండీ."

"చదివి కూడా వచ్చారా! ఎంత ధైర్యమయ్యా మీకు!"

వాళ్ళు బిక్కచచ్చిపోయి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున ఇంకో కుటుంబం. అది వెళ్ళేలోపు మరొకటి. గేటు ముందు స్కూటర్లు ఆగుతున్నాయి, పిల్లలు గేటెక్కి ఊగుతున్నారు. మాస్టారికి తలప్రాణం తోకకి వచ్చింది. "ఈ ఊళ్ళో ఒక్కడికీ చదువు రాదా?" అని ఇంటి పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తుంటే, లోపల్నించి ఆయన భార్య, అందరూ మామ్మగారు అని పిలిచే ఆవిడ, కళ్ళజోడు సవరించుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళింది. బోర్డు చదివింది. ఇంకోసారి చదివింది. గేటు పట్టుకుని పడీపడీ నవ్వింది.

"వాళ్ళకి చదువొచ్చండీ," అంది. "మీరే చదువుకోలేదు. ‘ఇవ్వబడును’ అని ఉంది."

మాస్టారు ఇంతెత్తున లేచాడు. కర్ర టకటకలాడించుకుంటూ షెడ్డుకి వచ్చి, బోర్డమ్మని చడామడా తిట్టి, టర్పెంటైన్ సీసా, గుడ్డ, కుంచె పట్టించి గేటు దగ్గరికి లాక్కొచ్చాడు. బోర్డమ్మ నాలుక్కరుచుకుంది. తప్పు తనదే, కాదనడానికి లేదు. చివరి రెండక్షరాలు చెరిపి ‘డదు’ అని వేస్తే అయిపోయె, చిటికెలో పని.

గేటు దగ్గర అప్పటికే ఒకావిడ నిలబడి ఉంది. రింగురోడ్డు పక్కన కొత్తగా కట్టిన ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. పక్కన ముగ్గురు పిల్లలు, పెద్దది ఆడపిల్ల, తర్వాత ఇద్దరు కవలలు. ఆ పెద్దపిల్ల బోర్డు కింద నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది.

"పిల్లలున్నవారికి... ఇవ్వ... బడును. అమ్మా! మనకే!"

బోర్డమ్మ తడిపిన గుడ్డ చేత్తో అలాగే పట్టుకుని ఆగింది.

నర్సమ్మ ఆవిడ ఎవరో తెలియక, ఇంటివాళ్ళ మనిషే అనుకుని మాట కలిపింది. "కాళ్ళరిగేలా తిరుగుతున్నాం పిన్నిగారూ ఈ కాలనీ అంతా. ఎన్ని ఖాళీ వాటాలో! తీరా గేటు దగ్గరికొస్తే పిల్లలు వద్దు, పిల్లలు లేనివారికి మాత్రమే. మా ఆసుపత్రిలో, పక్కన ఫ్యాక్టరీలో మాలాంటివాళ్ళు బోలెడుమంది, ఒక్కొక్క గదిలో నలుగురేసి సర్దుకుంటున్నాం. బోర్డులన్నీ ఒకే చేతిరాత చూశారా? ఆ రాసినవాళ్ళెవరో గానీ, ‘పిల్లలు’ అని రాసి పక్కన ‘లేని’ అని రాస్తుంటే ఆ చెయ్యి ఒక్కసారన్నా ఆగలేదేమో."

బోర్డమ్మకి మొహం మీద చాచి కొట్టినట్టయింది. ఆగలేదు. ఒక్కసారి కూడా ఆగలేదు. అక్షరం తీరుగా వచ్చిందా అని చూసుకుని మురిసిపోయిందే తప్ప ఆగలేదు. బళ్ళో పిల్లలు తగ్గిపోతున్నారని కూతురు ఇంటికొచ్చి బాధపడిన రోజుల్లో కూడా, ‘కాలం అలా ఉందే’ అని సర్దిచెప్పి, పొద్దున్నే షెడ్డుకొచ్చి ఇదే మాట రాసింది. కాలమూ లేదు, దాని తలకాయా లేదు. పిల్లలు రింగురోడ్డు పక్కన ఇరుకు గదుల్లో ఉన్నారు, తన కూతురి బడి ఖాళీగా ఉంది, మధ్యలో అడ్డంగా ఉన్నవి తను రాసిన బోర్డులు.

"చూస్తావేం? చెరుపు!" అన్నాడు మాస్టారు. "‘దు’ వెయ్యి!"

బోర్డమ్మ సీసాకి మూత బిగించింది. "నా దగ్గర ‘దు’ లేదు మాస్టారూ."

"ఏమిటీ?"

"అయిపోయింది. ‘దు’ లేదు."

"లేదు అన్నావే! అందులో ఉన్నదేమిటి?"

"అదే ఆఖరిది మాస్టారూ. వాడేశాను."

పెద్దపిల్ల కిసుక్కుమంది. నర్సమ్మకి మాత్రం సంగతి అర్థమైంది. మొహం చిన్నబోయింది. పిల్లల చేతులు పట్టుకుని వెనక్కి తిరిగింది. అప్పుడు కదిలింది మామ్మగారు.

"ఉండమ్మాయ్. ఏమండీ, పాఠం చెప్పిన ఇన్నేళ్ళలో మీ పేరు కింద ఎప్పుడన్నా తప్పుందా?"

"నా పేరు కిందా? ఎంత మాట!"

"ఇప్పుడుంది. వీధిలో, మేకులు కొట్టి మరీ పెట్టుకున్నారు. ఈవిడేమో చెరపనంటోంది. ఇక అది తప్పు కాకుండా పోవాలంటే ఒకటే దారి. ఇల్లిచ్చెయ్యండి, ఒప్పైపోతుంది."

మాస్టారు బోర్డు వంక చూశాడు, భార్య వంక చూశాడు, కర్ర వంక చూసుకున్నాడు. లెక్క ఎటు తిప్పినా అదే జవాబు వస్తోంది. "ఒక్క నెల," అన్నాడు చివరికి, పళ్ళ మధ్య నుంచి. "కిక్కురుమన్నారో, సామాను వీధిలో ఉంటుంది."

కిక్కురుమనకుండా ఉండడానికి వాళ్ళేమన్నా గోడ మీద బొమ్మలా? పాపం నర్సమ్మ చేతనైనంత చేసింది. పిల్లల కాళ్ళకి ఇంట్లో కూడా మేజోళ్ళు తొడిగింది. మొదటి వారం మాస్టారు మధ్యాహ్నం నిద్రపోకుండా పైకప్పు వైపే చూస్తూ పడుకున్నాడు, ఎప్పుడు చప్పుడవుతుందా, ఎప్పుడు దొరుకుతారా అని. రెండో వారంలో దొరికారు. పైన పెద్దపిల్ల తమ్ముళ్ళని కూర్చోబెట్టుకుని పంతులమ్మలా ఎక్కం చెబుతోంది. గొంతు సన్నగా కిందికి దిగుతోంది.

"పదమూడు ఎనిమిదులు నూట నాలుగు... పదమూడు తొమ్మిదులు నూట పంతొమ్మిది..."

మాస్టారు మంచం మీద లేచి కూర్చున్నాడు. బహుశా తడబడిందేమో, మళ్ళీ చెబుతుందేమో అని చూశాడు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ నూట పంతొమ్మిదే. ఆ ఇద్దరు కవలలూ దాన్నే వల్లె వేస్తున్నారు! ఆయన కర్ర తీసి పైకప్పుని ధడధడ పొడిచాడు.

"పదిహేడు! నూట పదిహేడు!"

పైన గప్‌చిప్. తర్వాత భయంభయంగా, "నూట పదిహేడు" అన్నారు ముగ్గురూ.

"పధ్నాలుగో ఎక్కం?" అని అరిచాడు కింద నుంచి.

రాదన్నారు పైనుంచి. ఆ మాట చెవినపడ్డాక ఆయన ఆగలేకపోయాడు. మోకాళ్ళు నొప్పులని కొన్నేళ్ళుగా ఎక్కని మెట్లు కర్ర ఊతంతో ఎక్కాడు. సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ, మాస్టారు పైకెక్కాడని గేటు దగ్గర విన్న నర్సమ్మ, ఇక సామాను వీధిలోనే అనుకుంటూ మెట్లెక్కింది. సామాను ఎక్కడిదక్కడే ఉంది. మాస్టారు చాప మీద కూర్చుని, ముగ్గురికీ ఇరవయ్యో ఎక్కం దాకా ఎక్కిస్తున్నాడు. మామ్మగారు బిస్కెట్లు పెడుతోంది. నెల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇక బోర్డమ్మ సంగతి. ఆవిడ కాలికి బలపం కట్టుకుని తిరిగింది. తను రాసిన ప్రతి బోర్డూ ఏ గేటుకుందో ఆవిడకి గుర్తే. గేటు గేటుకీ వెళ్ళి, "అమ్మగారూ, ఈ కింది వరస చెరిపేస్తాను, పైసా వద్దు" అని అడిగింది. కొందరు మొహం మీదే తలుపేశారు. కొందరు మాత్రం మాస్టారింటి ముందు సాయంత్రం పూట వినపడుతున్న ఎక్కాలు విని, మెత్తబడ్డారు. "అంతటి మనిషే ఊరుకున్నాడంటే..." అని గొణుక్కుంటూ, "సరే చెరుపు" అన్నారు. ఒకావిడైతే, "ఇన్నాళ్ళూ నువ్వే ఎందుకు రాశావమ్మా మరి?" అని నిలదీసింది. "బుద్ధి లేక రాశానమ్మా," అంది బోర్డమ్మ, గుడ్డ తడుపుతూ. చెరిపిన చోటల్లా వారం తిరిగేసరికి మేడ మీద చిన్న చిన్న బట్టలు ఆరేవి.

కాలనీ సంఘం సెక్రటరీకి ఇది మింగుడుపడలేదు. పార్కులో కూడా ‘మాట్లాడరాదు’ అని రాయించిన మనిషి ఆయన. తిన్నగా షెడ్డుకి వచ్చాడు.

"నా మేడకి బోర్డు రాయి. ‘పిల్లలు వద్దు’ అని. రెండే మాటలు."

"సార్, ఒక్క ‘దు’ కూడా లేదని అందరికీ చెబుతుంటే, మీరు ఒకదాని కింద ఒకటి జంట అడుగుతారేంటి?"

"వేళాకోళమా? నేను టౌనుకెళ్ళి ఫ్లెక్సీ కొట్టించుకుంటాను. ఒక్కటి కాదు, కాలనీ అంతటికీ! ఆదివారం మీటింగులో తీర్మానం పెడుతున్నాను."

ఆదివారం సాయంత్రం సంఘం హాలు నిండిపోయింది. సెక్రటరీ ప్రశాంతత గురించి ఉపన్యాసం దంచాడు. పిల్లలొస్తే గోడలు పాడవుతాయన్నాడు, మొక్కలు విరుగుతాయన్నాడు, ఈ కాలనీ పెద్దమనుషుల కాలనీగానే ఉండాలన్నాడు. వెనక బెంచీలో బోర్డమ్మ, కూతురు పక్కపక్కనే కూర్చున్నారు. తీర్మానం నెగ్గితే బడి కథ ముగిసినట్టే.

లెక్కల మాస్టారు లేచాడు. కంటి కట్లూ నల్లద్దాలూ పోయి, ఇప్పుడు అందరినీ స్పష్టంగా చూస్తున్నాడు.

"ఒక లెక్క అడుగుతాను. ఈ హాల్లో ఉన్నవాళ్ళ సగటు వయసు పోయినేటికీ ఈ ఏటికీ ఎంత పెరిగింది? సరిగ్గా ఒక ఏడాది. అంతకు ముందేడు? అప్పుడూ ఒక ఏడాదే. అంటే ఏమిటర్థం? కొత్తగా ఒక్కడూ రాలేదని. ఇదే లెక్క ఆపకుండా చేసుకుంటూ పొండి, చివరికి ఎంత మిగులుతుందో సెక్రటరీగారు చెప్పాలి."

సెక్రటరీ తీర్మానం కాగితంలోకి చూసుకున్నాడు.

"సున్నా! మొక్కలుంటాయి, గోడలుంటాయి, ప్రశాంతతకి లోటే ఉండదు. మనం ఉండం. మా ఇంట్లో పైన ముగ్గురొచ్చారు. మధ్యాహ్నం నిద్ర పోయింది, నిజమే. రాత్రి నిద్ర వస్తోంది. ఇన్నేళ్ళుగా మాత్ర వేసుకుంటే గానీ రానిది, అదే వస్తోంది. నాకు వాళ్ళు కావాలి. మీకూ కావాలి, ఒప్పుకోడానికి నామోషీ, అంతే!"

అప్పుడు ముందు వరసలోంచి సెక్రటరీ భార్య లేచి, "తీర్మానం మా ఇంటికి మాత్రం కుదరదండీ," అంది మెల్లగా. "మధ్యాహ్నమే మన మేడ అద్దెకిచ్చేశాను. ముగ్గురు పిల్లలు. అప్పటి నుంచీ మీతో చెబుదామంటే మీరు ఉపన్యాసం బట్టీపడుతున్నారు."

ఒక్కసారిగా హాలు గొల్లుమంది. సెక్రటరీ కళ్ళు తేలేశాడు. తీర్మానం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నవ్వుతూనే ఉన్న బోర్డమ్మ కళ్ళు తుడుచుకుంది.

బడి తెరిచే రోజు వచ్చింది. పై ఆఫీసు నుంచి ఆఫీసరమ్మ పెందలాడే దిగింది. కుర్చీలో కూర్చుని, గడియారం చూసుకుని, మైదానం వంక చూసింది. మైదానంలో ఉన్నది పాత పదకొండుమందే. గంట కొట్టే వేళయింది. హెడ్మాస్టరమ్మ గేటుకీ వరండాకీ మధ్య తిరుగుతోంది. బోర్డమ్మ గేటు దగ్గర నిలబడి రోడ్డు చివరికి చూస్తోంది. ఎక్కడివాళ్ళక్కడ రింగురోడ్డు అవతల పెద్ద బడికి వ్యాను ఎక్కించేశారా? ఇళ్ళిచ్చారు గానీ, పిల్లల్ని ఇక్కడే చేర్చమని ఎవరికీ రాసివ్వలేదు కదా!

"మొదలుపెడదామా?" అంది ఆఫీసరమ్మ.

అప్పుడు వినపడింది, దూరం నుంచి. "పదమూడు ఒకట్ల పదమూడు! పదమూడు రెండ్ల ఇరవయ్యారు!" గొంతులు పెరిగాయి. మలుపు తిరిగి ముందుగా కర్ర కనపడింది, కర్ర వెనకాల మాస్టారు, ఆయన వెనకాల వరస. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. వరస తిరుగుతోంది, తిరుగుతోంది, ఇంకా తిరుగుతూనే ఉంది. నర్సమ్మ పిల్లలు, ఫ్యాక్టరీవాళ్ళ పిల్లలు, సెక్రటరీ మేడ మీది ముగ్గురు. ఆ ముగ్గురి సంచులూ సెక్రటరీ భుజానే ఉన్నాయి. ఇరుపక్కలా గేట్ల దగ్గర ముసలివాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. ఎక్కం వస్తున్నవాళ్ళు గొంతు కలుపుతున్నారు కూడా.

"ఇంత ఆలస్యమా మాస్టారూ!" అంది బోర్డమ్మ. "ప్రాణం పోయిందనుకోండి!"

"ఎత్తు ప్రకారం నిలబెట్టొద్దూ?" అన్నాడు మాస్టారు, చెమట తుడుచుకుంటూ. "కవలలిద్దరూ ఒకే ఎత్తు. అక్కడ తేలలేదు."

ఆఫీసరమ్మ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముప్పై దాటాక కాసేపు లెక్కపెట్టి, మానేసింది. బెంచీలు చాలలేదు. ఒక తరగతి వరండాలో కూర్చుంది. ఆఫీసరమ్మ కూర్చున్న కుర్చీ కూడా అడిగి తీసుకుపోయారు, ఆవిడ నవ్వుతూ నిలబడే సంతకం పెట్టింది. హెడ్మాస్టరమ్మ తల్లి భుజం మీద తల పెట్టుకుని, పిల్లలంతా చూస్తుండగానే భోరున ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

వెళ్ళబోతూ ఆఫీసరమ్మకి గుర్తొచ్చింది. "అన్నట్టు, బోర్డొకటి తయారుచేయించమని రాశాం కదా. ఇంకెందుకులే, తీసి పారేయండి."

"ఎందుకండీ పారేయడం? మంచి రేకు," అంది బోర్డమ్మ. షెడ్డు నుంచి తెచ్చి గేటు పక్కన పెట్టుకున్న రేకుని ముందుకి తిప్పింది.

తెల్లటి రేకు. నట్టనడుమ నీలంరంగుతో రెండే రెండు అక్షరాలు. అటు రెండక్షరాల చోటు ఖాళీ, ఇటు రెండక్షరాల చోటు ఖాళీ.

"ఇదేమిటి, మధ్యలోనే ఆపేశారు?" అంది ఆఫీసరమ్మ.

"ఆపలేదండీ, పూర్తయింది," అంది బోర్డమ్మ. మేకు గేటుకి ఆనించి సుత్తి ఎత్తింది.

నర్సమ్మ పెద్దకూతురు వరసలోంచి మెడ చాచి, ఈసారి కూడబలుక్కోకుండా గట్టిగా చదివేసింది.

"బడి!"